వాయిద్యాల కల



ఈ నెల గోడపత్రికకు ఏదైనా రాయమని తెలుగు మేడమ్ మా తొమ్మిదో తరగతికి చెప్పారు. కొందరు కవితలు రాశారు, కొందరు పొడుపుకథలు రాశారు. ఒకామె చెట్లు నరకవద్దని రాసి బొమ్మ కూడా వేసింది. నాకు కవిత రాదు. బొమ్మ వేస్తే మేకను వేసినా కుక్కలాగ వస్తుంది. అందుకని నాకు వచ్చిన ఒక కల గురించి రాస్తున్నాను. మేడమ్‌ను అడిగితే "కల కూడా రాయొచ్చు, కాని వచ్చింది వచ్చినట్టు రాయి, సొంతంగా కలపకు" అన్నారు. నేను ఏమీ కలపలేదు. కల ముక్కలు ముక్కలుగా వచ్చింది కాబట్టి రాయడం కూడా ముక్కలుగానే ఉంటుంది. ఏమీ అనుకోవద్దు. పెద్దగా అయింది, మూడు చార్టులు పట్టింది. మూడో చార్టు కూడా చదవాలని నా మనవి.

కల చెప్పేముందు ఆ రోజు పగలు ఏం జరిగిందో చెప్పాలె. అందులో సగం ఇప్పుడు చెప్తాను. మిగతా సగం చివర చెప్తాను. ఎందుకంటే అది చెప్పాలంటే నాకు భయమైతున్నది.

ఆ రోజు ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం. ప్రేయర్ గ్రౌండ్‌లో ఒక బెంచీ మీద దుప్పటి పరిచి వాయిద్యాలు పెట్టారు. ఎనిమిదో తరగతి అమ్మాయి వాళ్ల అన్న డోలు, పేప్రే తెచ్చాడు. ఇంకొకామె గజ్జెలు తెచ్చింది. ఒకరు గుస్సాడీ వాళ్లు తల మీద పెట్టుకునే నెమలి ఈకల టోపీ తెచ్చారు. దాన్ని ఎవరూ ముట్టుకోవద్దని చెప్పారు, మేం దూరం నుంచే చూశాం. సోషల్ మేడమ్ మైకులో మాట్లాడారు. మార్లవాయి గ్రామం కనకరాజు గారికి గుస్సాడీ నేర్పినందుకు 2021లో పద్మశ్రీ వచ్చిందని, ఆయన 2024లో చనిపోయారని చెప్పారు. మణుగూరు దిక్కు కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి కంచుమేళానికి 2022లో పద్మశ్రీ వచ్చిందని కూడా చెప్పారు. "వీళ్లు పెద్ద చదువులు చదువుకొని తెచ్చుకున్న పేరు కాదు ఇది, ఇంట్లో తాతల దగ్గర నేర్చుకున్నది" అన్నారు. మేమందరం చప్పట్లు కొట్టాం. నేను కూడా గట్టిగా కొట్టాను.

తర్వాత మేడమ్ ఇంకొక ముచ్చట చెప్పారు. ఛత్తీస్‌గఢ్‌లో బస్తర్ అని ఉంది. అక్కడి మురియా గోండులు లింగో పెన్ అనే దేవుణ్ని కొలుస్తారు. ఆ లింగో పద్దెనిమిది వాయిద్యాలను ఒక్కడే ఒక్కసారే వాయించేవాడట. మనిషికి ఉన్నవి రెండు చేతులు, ఒక నోరు. పద్దెనిమిది ఎట్ల వాయించిండో అని నేను రోజంతా ఆలోచించాను. అన్నం తినేటప్పుడు కూడా అదే.

చివర్లో మేడమ్ "మీ ఇండ్లల్లో ఎవరి దగ్గర వాయిద్యాలు ఉన్నాయి? చేతులు లేపండి" అని అడిగారు. చాలామంది లేపారు. నేను లేపలేదు.

ఇదే పగటి సగం. ఇప్పుడు రాత్రి.

ఆ రాత్రి వాన మస్తు పడింది. మా హాలు పైన రేకులు. వాన పడితే పక్కనున్నామె మాట కూడా వినబడదు. నేను కిటికీ దగ్గర, నా ట్రంకు పెట్టె పక్కన పండుకుంటాను. ఎప్పుడు నిద్ర పట్టిందో తెలియదు.

మొదటి ముక్క.

భోజనాల లైన్. నా చేతిలో పళ్లెం ఉంది. నా ముందు అమ్మాయిలు లేరు, అన్నీ వాయిద్యాలే లైన్ కట్టి నిలబడ్డాయి. డోలు ఉంది, తుడుం ఉంది, గుమేల ఉంది. తుడుంకు రెండు జడలు వేసి ఎర్ర రిబ్బన్లు కట్టారు. కాలికోం పొడుగ్గా వంకరగా ఉంటుంది కదా, అది వెనకోళ్లకు తగులుతుంటే వార్డెన్ మేడమ్ "సక్కగ నిలబడు" అని తిట్టింది. నాకు నవ్వొచ్చింది. మేడమ్ హాజరు తీసుకుంటున్నది. "డోలు!" అంటే "దం" అన్నది. "పేప్రే!" అంటే "పీ" అన్నది. నా నంబరు 27. "ట్వెంటీ సెవెన్!" అని పిలిచింది. నేను నోరు తెరిచిన. సప్పుడు రాలేదు. మేడమ్ మూడుసార్లు పిలిచి ఎర్ర పెన్నుతో ఆబ్సెంటు వేసింది. నేను ఇక్కడనే ఉన్న, పళ్లెం పట్టుకొని ఉన్న, కాని ఎవరికీ కనబడుతలేను.

రెండో ముక్క.

దీనికి ముందుదానికి సంబంధం లేదు. మన బడి వేపచెట్టుకు గంట కొట్టడానికి రైలు పట్టా ముక్క వేలాడుతుంది కదా, కలలో ఆ జాగాలో కిక్రి వేలాడుతున్నది. మెడకు తాడు కట్టి వేలాడదీశారు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను, కిక్రి అంటే తోలు కప్పిన మూడు తీగెల వాయిద్యం. విల్లులాంటి కర్రకు గుర్రపు వెంట్రుకలు కట్టి దాంతో రాస్తే మోగుతుంది. కొట్టేది కాదు. వాచ్‌మన్ తాత ఇనుప రాడు పట్టుకొని స్టడీ అవర్ గంట కొట్టడానికి వస్తున్నాడు. నేను "తాతా, అది గంట కాదు" అని ఉరికిన. కాళ్లు ముందుకు పోవట్లేదు. పత్తిచేను నల్లరేగడిలో దిగబడినట్టు అయినయి. ఆయన కొట్టిండు. నేను చెవులు మూసుకున్నాను. సప్పుడు రాలేదు. చెట్టు మీద నుంచి జొన్నలు రాలినయి. అందరు పిల్లలు గౌన్లల్లో, చున్నీలల్లో ఏరుకుంటున్నారు. నాకు సిగ్గయింది. సిగ్గయినా నేను కూడా ఏరుకున్నాను.

మూడో ముక్క.

మా అవ్వ నాకు జడ వేస్తున్నది. ఇప్పచెట్టు కింద కూర్చున్నాం. జడకు మూడు పాయలు కదా, అవ్వ ఒక్కొక్క పాయ గుంజితే ఒక్కొక్క సప్పుడు వస్తున్నది. అవ్వ లెక్కపెడుతున్నది "ఉండి, రండ్" అని. గోండీలో ఉండి అంటే ఒకటి, రండ్ అంటే రెండు, మూండ్ అంటే మూడు. (నేను ఒకటో తరగతిలో ఉండి అని లెక్కపెడితే సారు "ఏం ఉండి? ఎక్కడ ఉండి?" అని నవ్వారు. నాకు ఇప్పటికీ యాదికుంది.) మూడో పాయ గుంజితే సప్పుడు రాలేదు. "ఇది తెగింది బిడ్డా, ఎవరు తెంపిండ్రు?" అని అడిగింది. నాకు తెలుసు. నేను చెప్పలేదు. అవ్వ ఇంకేం అనకుండా సూదులు తీసి నా మణికట్టు మీద పచ్చబొట్టు పొడుస్తున్నది. మా అవ్వ నిజంగానే పచ్చబొట్లు పొడుస్తది, మా తోటి ఆడోళ్లకు అది పని. కాని కలలో చుక్కలు కాదు, అక్షరాలు పొడుస్తున్నది. మా అవ్వకు అక్షరం రాదు. "ఏం రాస్తున్నవ్ అవ్వా?" అంటే "సదువుకున్నదానివి నువ్వు, నువ్వే సదువు" అన్నది. నేను చూస్తే ఒక్క అక్షరం కూడా తెలుస్తలేదు.

నాలుగో ముక్క.

చీకటి గుహ. కెరమెరి దిక్కు జంగుబాయి దగ్గరికి పుష్యమాసంలో మేం ఒకసారి పోయినం, అట్లాంటి గుహ. నేను వాయిద్యాలు లెక్కపెట్టాలె. పద్దెనిమిది అయితేనే బయటకు పోనిస్తారు. ఎవరు చెప్పారో తెలియదు, అట్లా అని నాకు తెలుసు. చీకట్లో చెయ్యి పెట్టి తడుముతూ ఉండి, రండ్, మూండ్ అని లెక్కపెడుతున్నాను. గోండీలో నాకు ఏడు దాకానే వస్తుంది. తర్వాత ఎనిమిది, తొమ్మిది అని తెలుగులో. పదిహేడు దగ్గర ఆగిపోతున్నది. మళ్లీ మొదటి నుంచి లెక్కపెడితే మళ్లీ పదిహేడే. చేతికి తోలు తగులుతున్నది, ఇత్తడి తగులుతున్నది, ఈకలు తగులుతున్నాయి. పద్దెనిమిదోది లేదు.

ఐదో ముక్క, ఆఖరిది.

మన బడి గేటు. వాన. గేటు అవతల మా తాత నిలబడ్డాడు. చంకలో బట్ట సంచి, భుజం మీద గింజల మూట. మొత్తం తడిసిపోయాడు. వాచ్‌మన్ "ఎవరి కోసం వచ్చినవ్?" అని అడిగితే తాత నా దిక్కు వేలు చూపిండు. వాచ్‌మన్ నన్ను "ఈయన నీకేమైతడు?" అని అడిగాడు. నేను చెప్పాలని నోరు తెరిచిన. నా నోట్లోంచి తుడుం సప్పుడు వచ్చింది. ఎంత ఆపినా ఆగుతలేదు. తాత చిన్నపిల్లను చూసి నవ్వినట్టు నవ్వి తిరిగి వెళ్లిపోయాడు. ఆయన అడుగుల్లో నీళ్లు నిండినయి. ఆ నీళ్లు కిక్రిలాగ సన్నగా మోగుతున్నయి.

అప్పుడు మెలకువ వచ్చింది. రేకుల మీద వాన పడుతనే ఉంది. నా దిండు తడిసింది. అది వాన కాదు.

పొద్దున్నే బోరింగు దగ్గర పళ్లు తోముకుంటూ మా హాలు అక్కకు చెప్పాను. ఎవరికీ చెప్పకుండా ఉంటే బాగుండేది. ఆమె "కలల తుడుం మోగితే ఇంట్లో ఎవరో పోతరంట" అన్నది. ఇంకొకామె "నీళ్లు కనబడ్డా మంచిది కాదు" అన్నది. నాకు కాళ్లు వణికినయి. మా ఊర్లో మనిషి పోయినా వాయిద్యాలు మోగుతాయి, ఆ సప్పుడు నాకు తెలుసు. మా తాతకు ఏమైందో అని టిఫిన్ తినలేదు. వార్డెన్ మేడమ్ దగ్గరికి పోయి ఇంటికి ఫోన్ చేస్తానని అడిగాను. "కల వచ్చిందని ఫోనా? నూట యాభై మందికి కలలు వస్తే నేనేం చెయ్యాలె?" అన్నారు. తర్వాత నా మొఖం చూసి ఫోన్ ఇచ్చారు. మా నాయన ఫోన్ కలవలేదు. మా ఊర్లో గుట్ట ఎక్కితేనే సిగ్నల్ వస్తుంది. రెండు రోజులు కలవలేదు. ఆ రెండు రోజులు నేను ఎట్ల ఉన్నానో రాయడం నాకు రాదు. మూడోరోజు నాయనే చేశాడు. "తాతకు ఏమైంది?" అని ఏడ్చాను. "ఏమైతది? ఇంద్రవెల్లి అంగడికి పోయిండు" అన్నాడు.

సైన్స్ మేడమ్‌ను కూడా అడిగాను. కల వల్ల ఎవరూ చనిపోరని మేడమ్ చెప్పారు. 1953లో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అమెరికాలో నిద్రపోయేవాళ్లను గమనించారట. నిద్రలో కొంతసేపు రెప్పల కింద కనుగుడ్లు గబగబా కదులుతాయట, ఆ సమయంలో లేపి అడిగితే చాలామంది కల వచ్చిందని చెప్పారట. పగలు మనం చూసినవి, విన్నవి, మనసులో పెట్టుకున్నవి కలలో కలగాపులగంగా రావచ్చని మేడమ్ అన్నారు. నేను ఆలోచిస్తే నిజమే. తుడుం, డోలు పగలు విన్నవే. పద్దెనిమిది పగలు విన్నదే. రేకుల మీద వాన సప్పుడే తుడుం అయి ఉంటుంది. కాని కిక్రి ఆ రోజు బెంచీ మీద లేదు. ఎవరూ తేలేదు. అది ఎక్కడి నుంచి వచ్చిందో మేడమ్‌కు తెలియదు. నాకు తెలుసు.

కిక్రి మా ఇంట్లో ఉంది.

మేము తోటి వాళ్లం. గోండుల దేవర్ల కథలు, ఇంటిపేర్ల కథలు కిక్రి మీద పాడడం మా పెద్దల పని. ప్రధాన్లు కూడా ఇదే పని చేస్తారు. వాళ్ల ఇండ్లల్లో మరాఠీ మాట్లాడతారు, మా ఇండ్లల్లో గోండీ. గోండులలో నాలుగు దేవర్ల వాళ్లు, ఐదు దేవర్ల వాళ్లు, ఆరు, ఏడు దేవర్ల వాళ్లు అని ఉంటారు కదా, ఏ ఇంటివాళ్లు ఏ దేవర్లకు చెందుతారో, వాళ్ల పెద్దలు ఎక్కడి నుంచి వచ్చారో మా తాతకు నోటికి వచ్చు. పెద్ద దేవుని పూజ ఉంటే పిలుస్తారు. పంట ఇంటికి వచ్చినంక మా తాత పాడే ఇండ్లకు పోతే జొన్నలు, కందులు పెడతారు, ఒక్కోసారి బట్టలు పెడతారు. మా తాత దాన్ని బిచ్చం అనడు. "నా పాటకు వాళ్ల ఇంటి బాకీ" అంటాడు. చిన్నప్పుడు నేను కూడా తాత వెంట పోయేదాన్ని, మూట మోసేదాన్ని. హాస్టల్‌కు వచ్చినంక పోలేదు.

దసరా సెలవుల్లో ఇంటికి పోయాను. ఉట్నూరులో బస్సు దిగి, ఆటో ఎక్కి, వాగు దాటి నడవాలె. ఇంటికి పోయేసరికి తాత మంచం మీద కూర్చొని చుట్ట తాగుతున్నాడు. మంచిగనే ఉన్నాడు. నేను ముందు గోడ దిక్కు చూశాను. కిక్రి మేకుకు వేలాడుతున్నది, బట్ట సంచిలో. సంచి మీద దుమ్ము ఉంది.

తీసి చూస్తే మూడు తీగెలలో ఒకటి లేదు. మూడోది. నాకు ఒళ్లు జలదరించింది. కల్పించి రాస్తున్నానని అనుకోవద్దు, దేవుని మీద ఒట్టు. కాని తర్వాత యాదికొచ్చింది, ఎండాకాలం సెలవుల్లోనే అది తెగి ఉంది. నేను చూశాను, మర్చిపోయాను. మేడమ్ చెప్పినట్టు మనసు మర్చిపోలేదు.

"ఎందుకు కట్టలేదు తాతా?" అని అడిగాను. (మేం గోండీలో మాట్లాడుకున్నాం, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.)

"కడితే ఎవరు వింటరు బిడ్డా? మీ నాయన పత్తి ఏరవట్టె. నువ్వు బడిల ఉంటివి. నా వేళ్లు కూడ తిరుగుత లేవు" అన్నాడు.

నాకు కల చెప్పాలనిపించింది. మొత్తం చెప్పాను. తుడుంకు ఎర్ర రిబ్బన్లు అంటే తాత దగ్గు వచ్చేదాకా నవ్వాడు. గేటు ముక్క మాత్రం చెప్పలేదు. పద్దెనిమిది వాయిద్యాలు ఏవో చెప్పమన్నాను. ఇద్దరం కలిసి లెక్కపెట్టాం. కిక్రి, పేప్రే, డోలు, తుడుం, కాలికోం, గుమేల, వెట్టి, గజ్జెలు. ఎనిమిది అయినయి. "మిగతా పది?" అంటే తాత చాలాసేపు చుట్ట తాగి "పద్దెనిమిది నాకు కూడ తెల్వయ్. మా తాతకు తెల్సేమో. నేను అడగలే" అన్నాడు.

నేను అడగలే. ఆ మాట నాకు బాగా తగిలింది. మా తాత కూడా ఒకప్పుడు మనుమడేనని నేను ఎప్పుడూ అనుకోలేదు.

మరునాడు పొద్దున నా సోషల్ నోట్సు వెనక పేజీలు తీసి "పాట చెప్పు తాతా, రాసుకుంటా" అన్నాను. ఇది అనుకున్నంత సులువు కాదు. ఒట్టిగ చెప్పమంటే తాతకు రాదు. కిక్రి పట్టుకుంటేనే మాట వస్తుంది. కిక్రి తీస్తే ఊరికే తియ్యొద్దు, దేవునికి చెప్పాలె. అవ్వ ఊదు పొగ వేసింది. రెండు తీగెలతోనే మొదలుపెట్టాడు. విల్లుకు కట్టిన చిన్న గజ్జెలు గల్లుమన్నాయి. తాత గొంతు వణికింది, తర్వాత సర్దుకుంది. నేను రాయడం మర్చిపోయి వింటూ కూర్చున్నాను. మళ్లీ చెప్పమంటే నడుమ నుంచి రాదు, మళ్లీ మొదటి నుంచే. నేను ఒక పేరు రాసేలోపు ఆయన నాలుగు పేర్లు పాడేస్తాడు. కొన్ని గోండీ సప్పుళ్లకు తెలుగు అక్షరం సరిగ్గా సరిపోదు, పైన ఒక చుక్క పెట్టుకున్నాను. నార్నూరు దగ్గర గుంజాల ఊర్లో గోండీ లిపిలో రాసిన పాత రాతప్రతులు దొరికాయని, 2018లో ఆ లిపిని కంప్యూటర్లలో వాడే యూనికోడ్‌లో చేర్చారని సోషల్ మేడమ్ ఒకసారి చెప్పారు. ఆ లిపి నాకు ఇంకా రాదు. నేర్చుకోవాలె.

సెలవులు అయిపోయేసరికి నాలుగు పేజీలు అయ్యాయి. తాత అంటాడు, ఇది గడప కూడా దాటలేదు, ఇంటి లోపలికి పోనేలేదు అని.

ఒకరోజు తాత విల్లు నా చేతికి ఇచ్చాడు. మా ఇంట్లో ఆడపిల్లలు కిక్రి పట్టడం నేను చూడలేదు. నేను రాస్తే పిల్లిని తొక్కినట్టు సప్పుడు వచ్చింది. మా కుక్క లేచి బయటకు పోయింది. అవ్వ పడి పడి నవ్వింది.

ఇప్పుడు మిగతా సగం చెప్తాను. ఇంతసేపు ఆపాను.

ఆగస్టు 9న మీటింగు అయిపోయినంక గ్రౌండ్ నుంచి వస్తుంటే మన బడిలోనే చదివే ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. పేరు రాయను. వాళ్లది పెద్ద ఇల్లు. ఆమె మంచిగనే అడిగింది, "మా ఇంటికి కిక్రి పట్టుకొని ఒక తాత వస్తడు, నువ్వు చిన్నప్పుడు ఆయన వెంట వచ్చినవ్ కదా? ఆయన మీ తాతనే కదా?" అని. పక్కన ఐదారుగురు ఉన్నారు. అందులో ఒకరు "గింజలు అడుక్కునే ఆయనా?" అన్నారు. నేను వెంటనే "ఆయన మా తాత కాదు. మా ఊరాయన కూడా కాదు" అన్నాను.

పద్మశ్రీ అంటే చప్పట్లు కొట్టిన చేతులు ఇంకా మండుతున్నాయి, అప్పుడే అన్నాను. ఆ అమ్మాయి నన్ను చూసింది. ఏమీ అనలేదు. ఎవరికీ చెప్పలేదు.

సెలవుల్లో ఆఖరి రోజు తాత నాతో అన్నాడు, "రాఖీ పండుగకు నేను వాళ్ల ఇంటికి పోయిన. ఆ ఇంటి పిల్ల మీ బడేనట గద. నా మనుమరాలు తెల్సా అంటే, తెల్సు తాతా, మంచిగ సదువుతది, నిన్ను అడిగిందని చెప్పమన్నది అని చెప్పింది. మంచి పిల్ల" అని.

నేను అట్లా చెప్పమనలేదు. నేను చెప్పింది ఏమిటో ఆమెకు తెలుసు. తెలిసి కూడా మా తాత మనసు నొప్పించలేదు. నేను పెరట్లోకి పోయి ఏడ్చి వచ్చాను. తాతకు అప్పుడు కూడా చెప్పలేకపోయాను. ఆయనకు చదువు రాదు, ఈ గోడపత్రిక చదవలేడు. అయినా దీపావళికి పోయినప్పుడు చదివి వినిపిస్తాను. గేటు ముక్కతో సహా.

ఆ అమ్మాయి ఈ చార్టు ముందు నిలబడి చదువుతుందని నాకు తెలుసు, ఎందుకంటే ఆమె ప్రతి నెలా మొత్తం చదువుతుంది. నీకు చెప్తున్నాను. నేను ఆ రోజు అబద్ధం చెప్పాను. ఆయన మా తాతే. మా సొంత తాత. అడుక్కునే ఆయన కాదు. మీ ఇంటిపేరు వాళ్లు ఎక్కడి నుంచి వచ్చారో, మీ తాతల తాతల పేర్లు ఏమిటో ఆయన దగ్గర ఉన్నాయి. నేను రాసుకున్న నాలుగు పేజీలలో మీ ఇంటివాళ్ల పేర్లే ఉన్నాయి, ఎందుకంటే తాత ఆ పాటే ముందు పాడాడు. ఆదివారం బట్టలు ఉతికినంక నా ట్రంకు పెట్టె దగ్గరికి రా, చూపిస్తాను. నేను తప్పు రాసి ఉంటే, మీ నాయనమ్మను అడిగి సరి చెయ్యి.

ఇంకొక మాట. మీలో ఎవరికైనా ఆ పది వాయిద్యాల పేర్లు తెలిస్తే, ఇంట్లో అడిగి వచ్చి ఈ చార్టు కింద ఖాళీ జాగాలో రాయండి. అందుకే కింద పది గీతలు కొట్టి పెట్టాను. పెన్సిలు దారంతో కట్టాను, తీసుకుపోవద్దు.

మూడో తీగె ఇంకా కట్టలేదు. నాయన ఉట్నూరు పోయినప్పుడు తెస్తానన్నాడు.

ఇట్లు,
తోటి తాత మనుమరాలు,
9వ తరగతి, నంబరు 27 (ప్రెజెంట్ మేడమ్)